నన్ను తప్ప

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటింది. ఆసుపత్రి అడుగు అంతస్తులో, మెషీన్ల గదిలో, ఇంజనీరు కుర్చీలో జారగిలబడి కూర్చుంది. ఆ గదికి కిటికీలు లేవు. ఏసీ ఒకటే రొద. వేడెక్కిన దుమ్ము వాసన. మూడు రోజులుగా ఆవిడ కంటిమీద కునుకు లేదు. ఒళ్ళు హూనమైపోయింది, టీ మీద టీ తాగి నోరు చేదెక్కింది. పని పడ్డప్పుడు అందరూ మేడమ్ మేడమ్ అనేవాళ్ళే గానీ, సెలవు పూట ఆ గదిలోకి తొంగిచూసే నాథుడు లేడు.

పైన మూడో అంతస్తులో గుండె జబ్బుల వార్డు. ఎనిమిది బెడ్లు. ఒక్కో పేషెంటు గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తూ, తేడా వస్తే గంట మోగించడానికి కింద ఈ గదిలోని కంప్యూటర్ మెషీనులో బెడ్డుకో ప్రోగ్రాం నడుస్తుంటుంది. వారం నుంచి మెషీను ఉన్నట్టుండి తొమ్మిది సెకన్లు బిగుసుకుపోతోంది. మొన్న శుక్రవారం రెండో బెడ్ పెద్దాయన గుండె సరిగ్గా అప్పుడే ఆగింది. మెషీను తేరుకుంది గానీ ఆ బెడ్ గంట మోగనే లేదు. నర్సు చూసేసరికి చెయ్యి దాటిపోయింది.

నాలుగో బెడ్‌లో ఉన్నది ఈవిడ తమ్ముడు. గుండె ఆపరేషనై ఐదు రోజులైంది. ఆవిడ ఇంటి ముఖం చూడకపోవడానికి కారణం అదే.

మెషీను ఆపి చూద్దామంటే కుదరదు, పైన అందరి ప్రాణాలూ దాని మీదే ఉన్నాయి. నడుస్తున్నదాన్ని నడుస్తుండగానే పట్టుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కెర్నల్ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాం లేవాలన్నా, పడుకోవాలన్నా, ఒక ఫైలు తెరవాలన్నా దాని గుమ్మం తొక్కాల్సిందే. ఆ గుమ్మంలో ఒక నిఘాని కూర్చోబెట్టడాన్నే ట్రేసింగ్ అంటారు. ఎవరు లేచారు, ఎవరు లేపారు, ఏం తెరిచారు అని అది ప్రతిదానికీ ఒక లైను రాస్తుంది.

ఆవిడ నిఘా పెట్టింది. పెట్టీ పెట్టగానే స్క్రీను నిండా లైన్లు కుమ్మరించినట్టు వచ్చిపడ్డాయి. చూస్తే అన్నీ తనవే. నిఘా ఒక లైను రాస్తుంది. రాయడమూ ఒక పనే కాబట్టి దాని గురించి ఇంకో లైను, దాని గురించి మరొకటి. ఈ విద్య నేర్చుకునేవాళ్ళు మొదటిరోజు చేసే తప్పు అది. "బుర్ర అరిగిపోయింది నాకు," అని తనలో తనే నవ్వుకుని, నిఘాకి ఒక షరతు చేర్చింది. నన్ను తప్ప. అంటే మెషీను ఆవిడకిచ్చిన లాగిన్ నంబరు కనబడితే రాయొద్దని, నిఘా నడిచేదీ ఆ నంబరు మీదే. వరద ఆగిపోయింది.

రెండూ నలభైకి మెషీను బిగుసుకుంది. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. తొమ్మిది. తేరుకుంది.

లైన్లు వెనక్కి జరిపి చూసింది. బిగుసుకోబోయే ముందు ఒక ప్రోగ్రాం లేచి మూడో బెడ్ ఫైలు తెరిచింది, మూసింది. అర నిమిషం ఆగి మళ్ళీ తెరిచింది. అలా పదకొండుసార్లు. ఆ ప్రోగ్రాం ఎవరిదా అని చూసింది.

రెండో బెడ్‌ది.

ఆ పెద్దాయన పోయినరోజే దాన్ని ఆవిడే మూసేసింది. ఆవిడ వార్డుకి ఫోన్ చేసింది.

"సిస్టర్, రెండో బెడ్‌లో కొత్తగా ఎవర్నైనా పడుకోబెట్టారా?"

"లేదు మేడమ్. ఖాళీగానే ఉంది."

"మూడో బెడ్ ఎలా ఉంది?"

నర్సు గొంతు తగ్గించి అంది. "ఇప్పుడే పోయాడు మేడమ్. గంట మోగలేదు. డాక్టరు గారు ఇంకా ఇక్కడే ఉన్నారు... మీకెవరు చెప్పారు?"

ఆవిడ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. మళ్ళీ స్క్రీను చూసింది. రెండో బెడ్ ప్రోగ్రాంని ఎవరు లేపారో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. అన్నింటికీ రాసింది, దానికి తప్ప. నిఘా ఒక్క నంబరే రాయదు. తనది.

నేను లేపలేదే... నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయే...

తన నంబరు చాటున ఎవరో ఉన్నారు. చూడాలంటే షరతు తీసెయ్యాలి. తీసేసింది. మళ్ళీ వరద. ఆ వరదలో, తను రాయని లైన్లు.

మూడో బెడ్ ప్రోగ్రాం లేచింది. లేపిన నంబరు ఆవిడది. నాలుగో బెడ్ ఫైలు తెరిచింది. మూసింది.

ఒకటి.

ఆవిడ ఆ ప్రోగ్రాంని చంపేసింది. లేచింది. మళ్ళీ చంపింది. మళ్ళీ లేచింది... తెరిచింది... మూసింది.

రెండు.

"సిస్టర్! మా తమ్ముడి వైర్లన్నీ పీకెయ్యండి."

"డాక్టరు గారు చెప్పకుండా నేనెలా తీస్తాను మేడమ్?"

"మీకు దణ్ణం పెడతాను. మెషీన్ని నమ్మకండి. వాడి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ ఉండండి. వస్తున్నా."

నాలుగో బెడ్ ప్రోగ్రాంని మూసేసి బయటపడింది. లిఫ్టు రాలేదు. మూడు అంతస్తులూ మెట్లెక్కింది. వార్డులో వైర్లు అప్పటికే తీసి ఉన్నాయి. తిడుతూనే తీసింది ఆ మహాతల్లి. ఆవిడ వెళ్ళి తమ్ముడి మణికట్టు అందుకుంది.

"ఏంటే అక్కా, ఆ ముఖం?"

"మాట్లాడకు."

"నిద్రపోతున్నవాణ్ణి లేపి మాట్లాడొద్దంటావేంటి?"

నర్సు బల్ల మీది స్క్రీను బిగుసుకుంది. ఒకటి... రెండు... వేళ్ళ కింద నాడి కొట్టుకుంటూనే ఉంది. ఐదు... ఆరు... ఒక్కసారి తడబడింది. ఎనిమిది. తొమ్మిది. స్క్రీను కదిలింది. నాడి ఆగలేదు.

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. మంచం అంచుమీద తల ఆనించి ఏడ్చింది. తమ్ముడు జుట్టు నిమిరాడు. వాడు బతికాడు, అంతే చాలు. ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

గంటసేపు అక్కడే కూర్చుంది. నర్సు తన వేళ్ళు వాడి నాడి మీద పెట్టి, "నేను చూస్తుంటాగా, మీరెళ్ళి పడుకోండి," అంది. డాక్టరు గారు చేత్తో నడిచే పాత పరికరాలు తెప్పిస్తున్నారు. అవి వచ్చేదాకా మిగతావాళ్ళకి మెషీనే గతి. దాని మీద నిఘా బరువు ఉంచకూడదు, ఆ ఒక్కటీ తీసేసి ఇంటికి పోదామని ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ కిందికి దిగింది.

గదిలో ఏసీ రొద. దుమ్ము వాసన. కుర్చీలో కూలబడి, నిఘా ఆపింది. స్క్రీను నిశ్చలంగా నిలబడింది. కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

నిఘా ఆగింది గానీ, కింద ఒక లైను వచ్చింది.

నాలుగో బెడ్ ప్రోగ్రాం లేచింది. ఒక ఫైలు తెరిచింది. మూసింది. ఆ ఫైలుకి బెడ్ నంబరు లేదు.

తర్వాత మళ్ళీ తెరిచింది... మళ్ళీ... ఆవిడ పైకి జరిపి చూసింది. ఇది పదోసారి.

ఫోన్ మోగింది. నర్సు.

"మీ తమ్ముడు బాగానే ఉన్నాడు మేడమ్, హాయిగా పడుకున్నాడు. దానిక్కాదు... మా స్క్రీను మీద తొమ్మిదో బెడ్ అని వస్తోంది. కొత్తగా ఎక్కడన్నా పెట్టారా?"

ఆవిడ బెడ్ నంబరు లేని ఆ ఫైలు వైపు చూసింది.

"ఎవరో గానీ గుండె మరీ దడదడలాడిపోతోంది. నూట ముప్పై... నూట నలభై... ఏ గదిలో ఉన్నారో చెప్పండి మేడమ్, నేను పరిగెత్తుకొస్తాను."

ఆవిడ రెండు వేళ్ళు మెడ పక్కన పెట్టుకుంది. ఒంటి మీద ఒక్క వైరు లేదు. కింద కొత్త లైను వచ్చింది, పదకొండోది. తెరిచింది. మూసింది.

"మేడమ్? వింటున్నారా?... అయ్యో, ఇదిగో, స్క్రీను మళ్ళీ ఆగిపోయింది."