సందు మొదట్లో బండి దిగాలి

పొద్దున్నే సుమియాటి వంటింట్లో సోయాగింజల టెంపే ముక్కలు నూనెలో చిటపటలాడుతున్నాయి. అంతకంటే ఎక్కువ చిటపటలు కోడలి మాటల్లో ఉన్నాయి. సురబయ నగరం శివార్లలో కొత్తగా కట్టిన కాలనీలో ఇల్లు ఆ రోజే ఖాయం చేసుకోవాలని రెత్నో పట్టు.

"అక్కడ పెద్ద గేటుంది, కాపలావాడున్నాడు. కినాసిహ్ హాయిగా ఆడుకుంటుంది అత్తయ్యా!"

"ఎవరితో? కాపలావాడితోనా?"

"ఈ ఇరుకు సందులో మాత్రం ఏముందని! డ్యూటీ చేసి ఒళ్లు హూనమై వస్తే, సందు మొదట్లోనే దిగి, ఇంజను ఆపేసి ఇంటిదాకా బండి తోసుకు రావాలి. ఏం చాదస్తమో!"

సుమియాటి గరిటె కింద పెట్టేసింది. "చాదస్తమా? విన్నావట్రా సిగిత్, నీ పెళ్లాం మాట?"

అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న సిగిత్ కాఫీ గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు. అలాంటప్పుడు మగవాళ్లకి కాఫీలో ఏం కనిపిస్తుందో ఎవరికీ తెలీదు.

"నేనడిగేది నా కూతురి కోసం. రేపు దానికేమన్నా అయితే మీరు తెచ్చిస్తారా?" అని అరిచి, రెత్నో పక్కకి చూసింది. నాలుగేళ్ల కినాసిహ్ లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

రెండు బళ్లు పట్టని ఆ సందు మధ్యలో పిల్ల గొంతుక్కూర్చుని, అడ్డంగా పాకుతున్న నత్తని చూస్తోంది. అటూ ఇటూ బళ్లు ఆగిపోయి ఉన్నాయి. కూరగాయలాయన, పార్సిళ్లు తెచ్చినతను, ఆఫీసుకి బయల్దేరినాయన, అందరూ దిగి బళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఒక్క హారను లేదు. అంత మహానగరమూ ఒక్క పసిపిల్ల కోసం ఊపిరి బిగబట్టినట్టుంది.

"నత్తని దాటనీ అమ్మా, తొందరేం లేదు," అన్నాడు కూరగాయలాయన.

రెత్నో పరుగు ఆపి పిల్ల పక్కనే నిలబడింది. వెనకే వచ్చిన అత్త గొంతు తగ్గించి చెప్పింది.

"సిగిత్‌కి ఈ వయసప్పుడే, ఇక్కడే బండి గుద్ది కాలు విరిగింది. మర్నాడు ఆడవాళ్లమంతా సందుకి అడ్డంగా చాపలేసుకు కూర్చున్నాం. వంటా అక్కడే, తిండీ అక్కడే. బళ్లు దిగి తోసుకుంటామని మగాళ్లు ఒప్పుకునేదాకా లేవలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు తిట్టుకుంటూ తోస్తుంటే ఏం చెప్పమంటావే?"

రెత్నోకి కన్నీళ్లు ఆగలేదు. ఏ గేటు చేస్తుంది ఇంత పని? తను రోజూ విసుక్కుంటూ నడిచింది ఈ ఆడవాళ్లు పిల్లల కోసం పోట్లాడి గెలుచుకున్న దారిలో. అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నత్త దాటింది, ఆగిన బళ్లూ కదిలి వెళ్లిపోయాయి. అంతలో సందు మొదట్లోంచి కొత్త మనిషెవరో బండి మీద రయ్యిన దూసుకొచ్చాడు. అత్త నోరు తెరిచేలోపే రెత్నో ఎదురుపరుగెత్తి, చేతులు చాచి అడ్డం నిలబడింది.

"దిగవయ్యా!" అంది ఏడుస్తూనే. "ఇక్కడ మా పిల్లలుంటారు."