డ్రైవ్‌లో మిగిలిన డీవీడీ

ఈ కేసు ఒప్పుకునేనాటికి కమలాకుమారి చేతిలో పెద్దగా ఏమీ లేదు. ఢిల్లీ సాకేత్‌లో ఒక ఇరుకు ఆఫీసు. పెళ్లికొడుకుల ఉద్యోగాలు నిజమో కాదో ఆరా తీసే పని. మెట్లెక్కితే నొప్పెట్టే మోకాళ్లు. అంతకుముందు ఏళ్లపాటు ఖాళీ సీడీలు, డీవీడీలు హోల్‌సేల్‌గా అమ్మింది. ఆ వ్యాపారం మునిగాక డిటెక్టివ్ అయింది.

2007 సెప్టెంబర్. ద్వారకలో ఓ సివిల్స్ కోచింగ్ సెంటర్. ఉక్కపోత. ఫ్యాన్ తిరుగుతోందే గాని గాలి లేదు.

"శవం అదిగో మేడం," అన్నాడు యజమాని రఘునందన్, బల్ల మీది కంప్యూటర్ చూపిస్తూ.

"ఏం పోయింది?"

"మూడేళ్లు కూర్చుని రాసిన ప్రశ్నల బ్యాంకు. నా సెంటర్ బతికేదే దాని మీద. హార్డ్ డిస్క్ మొత్తం ఖాళీ."

"కాపీ లేదా?"

"ఇవాళ, రేపు అనుకుంటూనే ఉన్నాను."

ఆమె నిట్టూర్చింది. అందరూ ఇదే మాట చెబుతారు.

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేంటి, దొంగ దొరికాడు. డ్రైవ్‌లో వాడి డీవీడీ ఉంది. సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నాను."

గోడ పక్కన నిలబడ్డ సాయిచరణ్ తల ఎత్తలేదు. కరీంనగర్ నుంచి వచ్చాడు. సెంటర్ వెనక గదిలో ఉంటూ, అద్దెకు బదులు ఇక్కడి కంప్యూటర్ పనులు చూస్తున్నాడు. వచ్చే నెలలో మెయిన్స్. ఈ గది పోతే ఢిల్లీలో తల దాచుకునే చోటు లేదు.

"నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టిన ఆంటీ. వైరస్ వచ్చిందని సార్ జర చూడమన్నడు. విండోస్ లేకుండ డీవీడీ మీదనే నడిచే లినక్స్ ఉంటది గద, దాని ఇమేజ్ ఫైల్ సైబర్ కేఫ్‌ల డౌన్‌లోడ్ చేసి డీవీడీ కొట్టిన. ఆదివారం సాయంత్రం పెట్టి రీస్టార్ట్ చేస్తే మామూలు విండోసే వచ్చింది. డిస్క్ తియ్యకుండనే మెస్‌కు పోయిన. నేను పొయినంక అదే మొత్తం తుడిచేసిందేమో!"

"చూశారా, వాడే ఒప్పుకుంటున్నాడు," అన్నాడు దశరథ్. రఘునందన్ బావమరిది. సెంటర్ మేనేజర్.

"మీరు అప్పుడు ఇక్కడే ఉన్నారా?"

"తాళం వేసేది నేనేగా! ఏడున్నరకి వచ్చేసరికి స్క్రీన్ మీద లినక్స్ గుర్తు, ఆ పెంగ్విన్ బొమ్మ. ఫార్మాట్ నడుస్తోంది. ఆపబోయేలోపే అయిపోయింది."

"ఈ డిస్క్ నుంచేనా?"

"కళ్లారా చూశానండీ."

"డ్రైవ్‌లో ఇంకో డిస్క్ లేదా?"

"ఎక్కడుంటుంది? ఇదొక్కటే."

ఆమె డీవీడీని వెలుతురుకి పట్టి చూసింది. అడుగున, ఫైల్ ఎక్కిన మేర సన్నటి వలయం. బర్న్ అయితే అయింది.

"దీన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూశారా?"

"అమ్మో! అది కూడా తుడిచేస్తే?" అన్నాడు రఘునందన్.

కమలాకుమారి తన ల్యాప్‌టాప్ తీసింది. "వద్దు మేడం," అని ముగ్గురూ ఒకేసారి అన్నారు. ఆమె డిస్క్ పెట్టేసింది.

ఏమీ తుడిచిపెట్టుకుపోలేదు. లోపల ఉన్నది ఒకే ఒక్క ఫైల్.

"ఇమేజ్ ఫైల్‌ని ఎలా కొట్టావు నాయనా?"

"డీవీడీ మీదికి లాగి బర్న్ నొక్కిన."

"ఫోటో కొట్టినట్టు, పాట కొట్టినట్టు కొట్టావు. మూటకట్టిన సామాను మూటతోనే ఉండిపోయింది. బర్న్ ఇమేజ్ అని వేరే ఆప్షన్ ఉంటుంది. దాంతో కొడితేనే మూట విప్పి లోపలివన్నీ సర్దుతుంది. అప్పుడే డిస్క్ బూట్ అవుతుంది, అంటే దాంతో కంప్యూటర్ మొదలవుతుంది."

చచ్చిన కంప్యూటర్‌లో అదే డీవీడీ పెట్టి రీస్టార్ట్ చేసింది. నల్లటి స్క్రీన్. బూట్ చేసే డిస్క్ పెట్టమని ఒకే ఒక్క లైను. దాన్ని తీసి, తన సంచిలోని లినక్స్ డిస్క్ పెట్టింది. కాసేపటికి డెస్క్‌టాప్ వచ్చింది.

"డ్రైవ్ బాగానే ఉంది. మరి ఈ డిస్క్‌లోంచి పెంగ్విన్ ఎలా వచ్చింది దశరథ్ గారూ?"

దశరథ్ చెమట తుడుచుకున్నాడు.

"హార్డ్ డిస్క్ కూడా చూస్తున్నాను. విండోస్ సీడీతో ఫార్మాట్ చేసిన తీరు ఇది. లినక్స్ ఇలా చెయ్యదు. ఎవరో ఆ సీడీతో పని ముగించి, ఈ డీవీడీని మళ్లీ డ్రైవ్‌లో పెట్టారు. విండోస్ సీడీ ఎక్కడుంటుంది?"

"బీరువాలో," అన్నాడు రఘునందన్ మెల్లగా. తాళంచెవి దశరథ్ బెల్టుకు వేలాడుతోంది. "ఒరేయ్... ఘాజియాబాద్‌లో ఎవరో కొత్త సెంటర్ పెడుతున్నారని విన్నాను. నువ్వేనా?"

"ఎన్నాళ్లు మీ కింద పడుండాలి బావా? ఆ ప్రశ్నల్లో సగం రాసింది నేను. ఒక్కరోజైనా నా పేరు చెప్పారా?"

"అందుకని వీడి నెత్తిన రుద్దుతావా?"

దశరథ్ బయటికి నడిచాడు. స్కూటర్ డిక్కీలోంచి పోర్టబుల్ హార్డ్ డిస్క్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. పోలీసులకు చెబుతారా అని కమలాకుమారి అడిగింది. రఘునందన్ తల అడ్డంగా ఊపాడు. ఇంటికెళ్లి భార్య మొహం చూడాలి కదా.

సాయిచరణ్ గేటు దాకా వచ్చాడు.

"ఆంటీ, నేను సక్కగ కొట్టి ఉంటే?"

"ఈ నిందలోంచి నిన్ను బయటపడేసే దారి నాకు దొరికేది కాదు. పో, చదువుకో."

మెట్రోలో కూర్చుని లెక్క చూసుకుంది. రఘునందన్‌కు ప్రశ్నలు దక్కాయి, బావమరిది పోయాడు. కుర్రాడికి గది దక్కింది. క్షమించమన్న మాట మాత్రం దక్కలేదు. ఆమెకు ఫీజుతో పాటు ఆ డీవీడీ మిగిలింది. హోల్‌సేల్ రోజుల్లో పాడైన డిస్కులు తిరిగొచ్చినప్పుడల్లా నష్టం కిందే రాసుకున్న మనిషి, దీన్ని మాత్రం జాగ్రత్తగా కవర్‌లో పెట్టి లాభం కింద జమ వేసుకుంది.