డొల్ల వదలని తుపాకి

నేను చెప్పేది అబద్ధమనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. దెయ్యం పట్టిన తుపాకికి రాత్రికి రాత్రే వైద్యం చేసినవాణ్ణి, నా మీద అనుమానమా!

మా ఊరి గోదాం వెనక కాపలాగది పేరెత్తితే మనుషులు ఉమ్మేసేవాళ్లు. కుర్చీలోనే ప్రాణం వదిలిన పాత కాపలాదారు దెయ్యమై అక్కడి ఒంటిగొట్టం తుపాకిలో దూరాడట. పేల్చాక మధ్యకి మడిస్తే ఖాళీ తూటా డొల్ల టప్పున ఎగిరిపడాలి కదా... వారం రోజులుగా ఒక డొల్ల ఇరుక్కుని కదలదు. చీకటి పడితే గొట్టంలోంచి — గర... గర... పైగా కుళ్లు కంపు.

అప్పుడక్కడ కాపలా మా బావమరిది.

"పొద్దున్నే తనిఖీ బావా. డొల్ల రాకపోతే నా ఉద్యోగం ఊడినట్టే," అని గుసగుసలాడాడు.

"నేనుండగా నీకేం భయంరా," అన్నాను. ఏనుగుల్ని కొట్టే తుపాకుల్ని కళ్లు మూసుకుని విప్పి బిగించినవాణ్ణి మరి!

ముక్కుకి కండువా చుట్టుకుని గదిలో అడుగు పెట్టాను. తుపాకి తాకితే వేళ్లు అతుక్కుపోయాయి — జిగట, చీమిడిలాంటి జిగట. మడిచి, ఉన్నది పేలిన డొల్లేనని చూసుకుని, గొట్టం మూతిలోంచి ఇత్తడి కడ్డీ దించాను. మెత్తగా ఏదో తగిలింది...

కదిలింది.

"బావా, వదిలెయ్... ఆయనే!"

పళ్లు బిగించి ఒక్క పోటు పొడిచాను. డొల్ల ఊడింది. దాని వెనకే నా అరచేతిలోకి — బొద్దింకలు! పిల్లాజెల్లాతో, ముద్దలు ముద్దలుగా, నూనెలో నానినవి... ఛీ! ఒకటి చొక్కాలో దూరి చంకదాకా పాకింది.

"ఇందులో ఏం పోశావురా, దరిద్రుడా?"

"నేనొక్కణ్ణేనా బావా?" బావమరిది గొంతు పీలగా వచ్చింది. "డ్యూటీ ఎక్కినవాడల్లా నూనె పొయ్యాలి, ఇక్కడి పద్ధతి అది. తుడవాలని ఎవరూ చెప్పలేదు... నాకు అక్కే ఇస్తోంది, వేపుళ్లు చెయ్యగా మిగిలింది."

అక్క అంటే మా ఆవిడ! రాత్రి నేను తిన్న వేపుడు గొంతులోకొచ్చింది. ఏళ్ల తరబడి పోసిన నూనంతా బంకై, డొల్లని బయటికి నెట్టే ముక్కని అతికించేసింది. తెల్లారేదాకా వాంతి ఆపుకుంటూ కిరసనాయిలుతో కడిగాను.

పొద్దున్న తనిఖీ సారు పేల్చి, మడిచాడు. డొల్ల తారాజువ్వలా లేచింది! ఉద్యోగం నిలబడింది. కాకపోతే, ఎక్కడ నక్కిందో గానీ, డొల్లతోపాటు ఒక బొద్దింక కాలు కూడా లేచి... సరాసరి ఆయన మీసంలో! ఆ మనిషి ఇప్పటికీ గంటకోసారి మీసం కడుక్కుంటున్నాడు.

నమ్మరా? వెళ్లి అడగండి — బుంగమీసాల సారు!