కాటా మీద నిలవని అంకె

కర్టిస్ ఆమ్‌డాల్‌ను చంపినవాళ్లు మర్యాదస్తులు. మడత కుర్చీలో సుఖంగా కూర్చోబెట్టారు, మోకాళ్ల మీద ఊలు దుప్పటి కప్పారు, చేతిలో కాఫీ కప్పు కూడా పెట్టారు. ఆరెగాన్ తీరంలో గల్ హార్బర్ క్యాంపులో ఆ పొద్దున అటుగా నడిచినవాళ్లంతా "గుడ్ మార్నింగ్ కర్టిస్" అని పలకరించి మరీ వెళ్లారు. మధ్యాహ్నం సూప్ తెచ్చిన ఒక పెద్దావిడ మూడుసార్లు పిలిచి, భుజం తట్టి, అప్పుడు కేక పెట్టింది.

పోర్ట్‌లాండ్‌లో, అక్వేరియం చేపలు అమ్మే కొట్టు పైనున్న గూఢచారి విభాగం ఆఫీసులో ఆ వార్త విన్న ఏజెంట్ ఎమెట్ సోర్లీకి ఆకలేసింది. పదిహేనేళ్లుగా స్నేహితుడైనవాడు పోతే మనిషికి ఏడుపు రావాలి, లేకపోతే కోపమన్నా రావాలి. ఎమెట్ కాసేపు ఓపిగ్గా ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. కిందటేడు టకోమాలో ఒక గోదాము తలుపు బద్దలుకొట్టేసరికి లోపల బందీగా ఉన్న మనిషి అప్పుడే పోయి ఉన్నాడు. పట్టుకుంటే చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ రోజు నుంచి ఎమెట్‌కు ఏ కబురు విన్నా దూది చెవుల్లో పెట్టుకుని విన్నట్టే ఉంటోంది.

"శాండ్‌విచ్ తర్వాత తిందువు గానీ, కూర్చో" అంది చీఫ్ హెలెన్ ఓస్‌గుడ్. ఆవిడ మాటలు ఎప్పుడూ టెలిగ్రాములే. "టోబియాస్ రెన్‌ఫ్రో. రాడార్ ఇంజనీరు. మంగళవారం బోయ్‌సీలో కారు దిగాడు. ఆఫీసు మెట్లెక్కలేదు."

"ఎవరి పని?"

"పెలికన్ ముఠా. విదేశీ డబ్బు, స్వదేశీ మొహాలు. ముసలాళ్లు కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకునే బుల్లి ట్రైలర్‌ను హైవే మీద ఏ పోలీసూ ఆపడని వాళ్లకి తెలుసు. గల్ హార్బర్‌లో బుల్లి ట్రైలర్లవాళ్లంతా కలిసే ర్యాలీ జరుగుతోంది. అరవై ట్రైలర్లు. అందులో ఒకదాంట్లో రెన్‌ఫ్రో ఉన్నాడు. ఆదివారం పొద్దున అందరూ ఒకేసారి బయల్దేరతారు. సాయంత్రానికి అతన్ని పడవెక్కిస్తారు. ఎక్కాడా, ఇక మనకి లేడు."

"అరవయ్యీ తెరిపించొచ్చుగా?"

"మూడోది తెరిచేలోపు అతన్ని చంపేస్తారు. తలుపు తియ్యకుండా కనుక్కోవాలి."

"బతికే ఉన్నాడంటారా?"

"ఉన్నాడనుకుని పనిచేస్తాం."

ఎమెట్ తలూపాడు. లేడనే అతని నమ్మకం. కానీ దానికీ దిగులు పుట్టలేదు.

చీఫ్ సరంజామా బల్ల మీద పరిచింది. వినికిడి మిషన్‌లా కనిపించే రేడియో. మూత నొక్కితే మత్తు సూది వదిలే ఫ్లాస్కు. చక్రాల కింద, ముందు కొక్కెం కింద పెట్టి ట్రైలర్‌ను తూచే పలక కాటాలు. చివరగా ఒక లాప్‌టాప్.

"కర్టిస్ వేషమే నీదీ. ర్యాలీలో అతను షీట్ మనిషి. ప్రతి ట్రైలర్ పొడవు, వెడల్పు, లోపల ఎత్తు, కంపెనీ చెప్పిన బరువు, తూచిన బరువు, కొక్కెం మీద పడే బరువు, అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తాడు. కాటా పట్టుకుని ఏ ట్రైలర్ దగ్గరకెళ్లినా ఎవరూ అనుమానించరు. పైగా పిలిచి కేకు పెడతారు."

"అక్కడ మనవాళ్లెవరన్నా?"

"వివియన్ లార్క్. ముఠాలో మన మనిషి. 'మీది తూచిన బరువా, అనుకున్న బరువా?' అని నువ్వడగాలి. 'వాన వెలిశాక తూచింది' అని ఆమె చెప్పాలి."

*

శనివారం మధ్యాహ్నం క్యాంపులో సామూహిక భోజనం. ఎవరి వంటకం వాళ్లు తెచ్చి పొడుగు బల్ల మీద పెట్టారు. సన్నగా వాన తుంపర పడుతోంది, దాన్ని ఎవరూ లెక్కచెయ్యడం లేదు. ఎమెట్ పేపర్ ప్లేటులో బంగాళదుంప సలాడ్ వేసుకుని తింటున్నాడు, రుచి తెలియడం లేదు.

"కర్టిస్ షీట్ నీకొచ్చిందా నాయనా?" అంటూ పక్కన చేరాడు వెర్న్ టిబెట్స్. రిటైరైన లారీ డ్రైవరు, ఈ ర్యాలీకి పెద్దదిక్కు. "మంచి పిల్లాడు. అడిగితే కాదనకుండా నా ట్రైలర్ మూడుసార్లు తూచాడు."

"మూడుసార్లు ఎందుకు?"

"మొదటి రెండుసార్లూ నాకు నచ్చలేదు." వెర్న్ ముల్లుతో గాలిలో గీత గీశాడు. "కంపెనీవాళ్లు పుస్తకంలో వేసే బరువు ఎలా తూస్తారో తెలుసా? బ్యాటరీ పెట్టరు, గ్యాస్ బండ పెట్టరు, నీళ్లు పొయ్యరు, పరుపు వెయ్యరు. కిటికీలన్నా ఉంచుతారో లేదో నాకు డౌటే."

"నువ్వు డాక్టరుకి చెప్పే బరువులాగే" అంది అతని భార్య లోయిస్, తలెత్తకుండా.

"అదిగో, ఈవిడ మొదలెట్టింది. చూడు బాబూ, ఆ షీట్‌లో అరవై వరసలున్నాయి. కంపెనీ బరువూ తూచిన బరువూ ఒక్కదాంట్లో కలిసినా నా ట్రైలర్ నీకు రాసిచ్చేస్తా."

"ఇచ్చెయ్యి. కప్పు కారడం ఆయన చూసుకుంటాడు" అంది లోయిస్.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎమెట్ కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు.

వివియన్ లార్క్ అప్పుడు వచ్చింది. ఎర్రటి రెయిన్‌కోటు, వెండి జుట్టు, నడకలో తొందరపాటు అన్నది లేదు. ఆమె నిమ్మకాయ కేకు బిళ్లల పళ్లెం బల్ల మీద పెట్టగానే పెద్దమనుషులు నలుగురు ప్లేట్లు పట్టుకుని లేచారు.

"మీది తూచిన బరువా, అనుకున్న బరువా?" అన్నాడు ఎమెట్.

"వాన వెలిశాక తూచింది" అంది ఆమె. అతని చెయ్యి పట్టుకుని చెట్ల వైపు నడిపించింది. "బూడిద రంగు ట్రైలర్. చివర్లో, ఒంటరిగా ఉంటాడే ఆ గడ్డపాయన. రేపు అందరికంటే ముందు దక్షిణం గేటులోంచి వెళ్తాడు. మీవాళ్లందర్నీ అటు పెట్టమను. హైవే ఎక్కాక ఆపండి, ఇక్కడ కదిపితే ఇంజనీరు బతకడు."

"కర్టిస్‌ని చంపింది అతనేనా?"

ఆమె కళ్లు తడి అయ్యాయి. "పాపం, నా ట్రైలర్ తూస్తానని వచ్చిన పొద్దునే అలా అయింది. నీకేమీ అనిపించడం లేదా?"

"లేదు" అన్నాడు ఎమెట్. అది నిజమే గనుక చెప్పడం తేలికైంది.

*

ఆదివారం పొద్దున బూడిద రంగు ట్రైలర్ దక్షిణం గేటు దాటింది. దాని వెనకే చీఫ్ మనుషులు రెండు వ్యాన్లలో వెళ్లారు. క్యాంపులో తతంగం మామూలుగానే సాగుతోంది. మనుషులు కొక్కేలు తగిలిస్తున్నారు, దీపాలు వెలుగుతున్నాయో లేదో ఒకరికొకరు చూసిపెడుతున్నారు, వీడ్కోలు చెప్పి మళ్లీ కబుర్లలో పడుతున్నారు.

ఎమెట్ కర్టిస్ కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. పనేమీ లేనప్పుడు అంకెలు చూడటం అతనికి అలవాటైంది. అంకెలు మనిషిని ఏమీ అడగవు. పైనుంచి కిందికి ఒక్కో వరసే చదువుతూ పోయాడు. కంపెనీ బరువు, తూచిన బరువు. ఒకదాంట్లో మూడొందల పౌండ్లు తేడా, ఒకదాంట్లో ఐదొందలు. వెర్న్ చెప్పింది అతిశయోక్తి కాదు.

నలభయ్యో వరస దగ్గర వేలు ఆగింది. పదమూడు అడుగుల 'లిటిల్ టెర్న్' ట్రైలర్. కంపెనీ బరువు పద్నాలుగు వందల ఎనభై పౌండ్లు. తూచిన బరువు పద్నాలుగు వందల ఎనభై పౌండ్లు.

యజమాని పేరు వివియన్ లార్క్.

షీట్ అందరిదీ, ఎవరి వరస వాళ్లూ నింపుకోవచ్చు. గడి ఖాళీగా ఉంటే వెర్న్ లాంటివాళ్లు 'ఇంకా తూచలేదా' అని రోజూ ప్రాణం తీస్తారు. తూస్తానని వచ్చినవాడికి కాఫీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టాక, ఆవిడ ఆ గడిలో పెట్టడానికి కంపెనీ పుస్తకంలోని అంకెనే ఎత్తి రాసింది. మొదటిసారి ట్రైలర్ కొన్నవాడు కూడా ఆ అంకెను నమ్మడు. ఏళ్ల తరబడి లాగుతున్నానని చెప్పుకునే మనిషి మాత్రం నమ్మింది.

చెవిలో రేడియో గరగరమంది. "ఎమెట్, బూడిద రంగుది ఆపాం" అంది చీఫ్. "పీతల బుట్టలు తప్ప ఏమీ లేవు. గడ్డపాయన మమ్మల్ని తిడుతున్నాడు."

"వివియన్, చీఫ్. ఆమె మన మనిషి కాదు."

"మేం వెనక్కి రావడానికి చాలా టైం పడుతుంది. ఆపగలవా?"

ఎర్ర కోటు అప్పటికే కారులో కూర్చుంది. లిటిల్ టెర్న్ ఉత్తరం గేటు వైపు మెల్లగా కదులుతోంది. ఎమెట్ చేతిలో ఫ్లాస్కు మాత్రమే ఉంది, అందులో ఒకే సూది, మధ్యలో కారు అద్దం. అతను పరిగెత్తాడు. అయితే ట్రైలర్ వైపు కాదు, గేటు పక్కన తన బండి తుడుచుకుంటున్న వెర్న్ టిబెట్స్ వైపు.

"వెర్న్, నీ ట్రైలర్ నాదైపోయినట్టుంది. ఒకటి కలిసింది."

"ఏది కలిసింది?"

"అదిగో. పద్నాలుగు ఎనభై పుస్తకంలో, పద్నాలుగు ఎనభై కాటా మీద. ఒక్క పౌండు తేడా లేదు."

వెర్న్ గుడ్డ కింద పడేశాడు. ముప్పై ఏళ్లుగా కంపెనీలతో పోట్లాడుతున్న మనిషి. "అది జరగదు" అన్నాడు. బండెక్కి, తన ట్రైలర్‌ను గేటుకి అడ్డంగా పెట్టి దిగాడు. "ఓయ్, కాటాలు పట్టుకురండి. ఈవిడ బండి ఖాళీ బరువుతో తిరుగుతోందట."

ఆ మాట ట్రైలర్ నుంచి ట్రైలర్‌కి పాకింది. ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లంతా కాఫీ కప్పులతో సహా గేటు దగ్గరకొచ్చారు. ఎమెట్ కాటాలు తెచ్చేలోపే ఒకాయన ట్రైలర్ చక్రాలకు దిమ్మలు పెట్టాడు, ఇంకొకాయన కొక్కెం విప్పేశాడు.

వివియన్ కారు దిగింది. "ఏంటండీ ఇది? నాకు ఆలస్యమవుతోంది."

"ఎంతసేపమ్మా, చిటికెలో పని" అన్నాడు వెర్న్. "మీ అంకె నిజమైతే మీకు సన్మానం చేస్తాం."

ఆమె ఎమెట్ వైపు చూసింది. నవ్వు చెదరలేదు. చెయ్యి మాత్రం కోటు జేబులోకి వెళ్లింది. ఆ జేబులో ఏముందో ఎమెట్‌కు అర్థమైంది. భయం కూడా వేయలేదు. మెల్లగా నడిచి వెళ్లి ఆమెకూ వెర్న్‌కూ మధ్య నిలబడ్డాడు.

చక్రాల కింద పలకలు, కొక్కెం కింద పలక. వెర్న్ మూడూ కలిపి గట్టిగా చదివాడు. "రెండువేల నూట నాలుగు." జనంలో తృప్తిగా ఒక గొణుగుడు బయల్దేరింది. "చూశారా, నేను చెప్పలేదూ? ఆగండాగండి. రెండువేల నూట ఏడు. కాదు, నూట ఒకటి. మళ్లీ నూట నాలుగు." కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "లోపల ఎవరన్నా ఉన్నారామ్మా?"

"ఎవరూ లేరు."

"కుక్కా పిల్లీ?"

"చెప్పాగా, ఖాళీ."

"మరి అంకె నిలవడం లేదేం?"

ఎమెట్ పలక మీద అంకెను చూశాడు. అది ఊరికే ఊగడం లేదు. పెరిగి, తగ్గి, కాస్త ఆగి, మళ్లీ పెరిగి తగ్గుతోంది. ఆ ట్రైలర్‌లో మంచం కింద, చీకట్లో, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్న ఒక ఇంజనీరు, బయట ఎవరో బరువు చదవడం విన్నాడు. నోరు కట్టేసినా ఒంటి బరువు తనదే కదా. ఆ కాసిని పౌండ్లనే ఒళ్లు పైకెత్తి దించుతూ కబురుగా పంపిస్తున్నాడు.

బతికే ఉన్నాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఎమెట్‌కు తన గుండె దడ వినిపించింది.

"తలుపు తియ్యి వెర్న్" అన్నాడు.

వివియన్ జేబులోంచి చెయ్యి సగం పైకొచ్చింది. ఆమె చుట్టూ చూసింది. వందమంది ముసలాళ్లు కాఫీ తాగుతూ ఆమెనే చూస్తున్నారు. ఎదురుగా గేటుకి అడ్డంగా ట్రైలర్ ఉంది, వెనక ఆమె బండి కొక్కెం ఊడి ఉంది. ఎమెట్ ఫ్లాస్కు మూత నొక్కాడు. టప్పుమని చిన్న చప్పుడైంది. ఆమె మర్యాదగా, తొందరేమీ లేనట్టు, తడి గడ్డి మీద కూర్చుని పక్కకు ఒరిగింది.

"ఆ నిమ్మకాయ బిళ్లలు కొట్లో కొన్నవేనని నాకు నిన్ననే అనుమానం" అంది లోయిస్.

మంచం పలక ఎత్తితే రెన్‌ఫ్రో కనిపించాడు. గడ్డం పెరిగి, పెదాలు ఎండి, కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. ఎమెట్ కట్లు కోసి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది, కానీ ఎమెట్ వేళ్లు నొప్పెట్టేలా పట్టుకుంది. ఆ నొప్పి తెలిసింది. దాని వెనకే కర్టిస్ ఇక లేడన్న సంగతీ తెలిసింది. ఎమెట్ ట్రైలర్ మెట్టు మీద కూలబడి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాడు. లోయిస్ వచ్చి భుజాల మీద దుప్పటి కప్పింది.

అంబులెన్సు రెన్‌ఫ్రోను, వ్యాను వివియన్‌ను తీసుకెళ్లాక కూడా వెర్న్ కాటాల దగ్గరే ఉన్నాడు. మళ్లీ తూచి, ఈసారి అంకె నిలిచేదాకా ఆగి, లాప్‌టాప్ తెచ్చి ఎమెట్ ఒళ్లో పెట్టాడు.

"రాసుకో నాయనా. మనిషిని దించాక పంతొమ్మిది వందల నలభై. పుస్తకం కంటే ఇంకా నాలుగొందల అరవై ఎక్కువే. అంటే కలవలేదు. నా ట్రైలర్ నాదే."