పిన్నులు తినే ఇల్లు

ఉతికిన గలీబులు ఎడమ భుజం మీద వేసుకుని కోడలు ఒక్కొక్క దిండుకీ తొడుగుతోంది. అత్తగారిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి చిన్నీ ఆమె తల దువ్వుతోంది. పల్చబడ్డ జుట్టే అయినా, చిక్కు తీసేటప్పుడు నొప్పెట్టకుండా కుదుళ్ల దగ్గర రెండో చేత్తో పట్టుకుని మరీ దువ్వుతుంది. నెలన్నర నుంచి రోజూ చూస్తున్నా కోడలికి ఆ పట్టు ముచ్చటగానే ఉంటుంది.

“అమ్మా, నా పిన్ను కనపడటం లేదు,” అంది చిన్నీ కొప్పు తడుముకుంటూ. “పొద్దున్నే పెట్టుకున్నాను. చూశారా?”

“ఈ ఇంట్లో పిన్నులు తినే దెయ్యం ఒకటుందిలే. నీ ముందొచ్చినవాళ్లు కూడా వెళ్లే రోజు ఇలాగే వెతుక్కున్నారు.”

అనేశాక కోడలు నాలుక కరుచుకుంది. వెళ్లే మాట అత్తగారి ముందు ఎత్తకూడదు.

అది ఏజెన్సీ పెట్టిన నియమం. రోగుల్ని చూసుకోవడానికి మనుషుల్ని పంపే ఆ ఏజెన్సీకి అలాంటి నియమాలు చాలా ఉన్నాయి. నలభై అయిదు రోజులకోసారి మనిషిని మార్చేస్తారు. ఉంచితే ఇంటివాళ్లు అలవాటుపడి, ఏజెన్సీని పక్కకి నెట్టి నేరుగా పనిలో పెట్టుకుంటారని వాళ్ల అనుమానం. అలా పెట్టుకుంటే మూడు నెలల రుసుము జరిమానా. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లకూడదు. నిద్రతో పేషెంటు కన్ను మూతపడగానే సంచీ తీసుకుని మెట్లు దిగిపోవాలి. ఏడుపులూ రాగాలూ ఉండవు కదా అంటాడు సూపర్‌వైజరు.

నిజానికి చిన్నీ ఈమె పేరు కాదు. అది ఆ ఇంటి ఆడపడుచు ముద్దుపేరు. పంతొమ్మిదేళ్లకే బస్సు ప్రమాదంలో పోయింది. ఇరవై రెండేళ్లయింది ఆ మాటకి. పదిహేను నెలల కిందట అత్తగారికి పక్షవాతం వచ్చి, కుడిపక్క పడిపోయి, మాట ముద్దయిపోయిన రోజుల్లో, మొదటొచ్చిన అమ్మాయిని చూసి ఆవిడ “చిన్నీ” అంది. గుమ్మంలో నిలబడ్డ కొడుకు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఏజెన్సీకి ఫోన్ చేసి, ఇకపై ఎవరొచ్చినా ఆ పేరుకి పలకాలని చెప్పాడు. “దానిదేముంది సార్, పలుకుతారు. అందరికీ అదే నీలం కోటు, అదే కొప్పు. పెద్దావిడకి తేడా ఏం తెలుస్తుంది?” అన్నాడు సూపర్‌వైజరు.

ఒక చిన్నీ వెళ్లిపోయేది, వెంటనే ఇంకో చిన్నీ వచ్చేది. కొత్తామె నడకలో పాతామె అడుగుల చప్పుడు వినబడి కోడలు ఎన్నోసార్లు ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఈమె పదో మనిషి.

అత్తగారి దిండు చేతిలోకి తీసుకోగానే కోడలికి వేలికేదో గుచ్చుకుంది. అంచు దగ్గర కుట్టు విప్పి ఉంది. దూదిలోకి రెండు వేళ్లు పోనిచ్చి లాగింది. ఒక పిన్ను. దాని వెనక ఇంకోటి. ఒకటి తుప్పు పట్టింది, ఒకదానికి పచ్చపూస ఉంది, ఒకటి వంకర తిరిగింది. దుప్పటి మీద వరసగా పేర్చి చూస్తే పది. పదోదానికి ఇంకా నూనె జిడ్డు ఆరలేదు.

చిన్నీ దువ్వెన ఆగిపోయింది. అత్తగారు కిటికీలోంచి బయటికే చూస్తోంది.

“ఏవండీ,” అని పిలిచింది కోడలు. “ఒక్కసారి ఇలా రండి.”

ఆయన ముందుగదిలో ఫోన్ మీద బతిమాలుతున్నాడు. “ఒక్క నెల ఆగండి సార్. ఈమె చేతిమీదే అమ్మ నాలుగు ముద్దలు తింటోంది...” అవతల ఏమన్నారో, ఫోన్ జేబులో పడేసి లోపలికొచ్చాడు. “కుదరదట. పదింటికి బండి వస్తుందట. కొత్తమ్మాయి అందులోనే... ఏంటివి?”

“అత్తయ్య దిండులో ఉన్నాయి.”

“అయ్యో, గుచ్చుకుంటే! తీసి అవతల పారెయ్. ఏం చేస్తోందో తనకి తెలుస్తుందా పాపం.”

“పదిమందివి పది పిన్నులండీ. ఒక్కొక్కళ్ల దగ్గర ఒక్కటే, అదీ వెళ్లే రోజునే. రోజులు లెక్క పెట్టుకోకపోతే ఎలా కుదురుతుంది? ఆవిడకి అన్నీ తెలుసు.”

“తెలిస్తే చిన్నీ అని ఎందుకు పిలుస్తుంది?”

“ఆవిణ్ణే అడగండి. పదిహేను నెలల్నుంచి ఈ ఇంట్లో ఆవిణ్ణి తప్ప అందర్నీ అడిగాం.”

అత్తగారు తల తిప్పింది. ఆవిడకి మాట రావడం కష్టం. ఒక్కో ముక్కా కూడదీసుకుని అనాలి.

“కన్నదాన్నిరా. నా కూతురు... నాకు తెలీదా?”

“మరి ఎందుకమ్మా?”

“మగతలో... ఒకసారి అన్నా. నువ్వు ఏడ్చావు. అది పోయాక... దాని పేరు నువ్వు ఎత్తలేదు. ఆ రోజు ఎత్తావు.” ఊపిరి తీసుకుంది. “నీకోసమే... అంటూ వచ్చా.”

ఆయన మంచం పట్టె మీద కూలబడ్డాడు.

“ఒక్కసారి పోయిన పిల్లని,” అంది ఆవిడ, “ఇవాళ్టితో... పదిసార్లు సాగనంపానురా.”

“వాళ్లు వెళ్లేటప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు కదమ్మా...”

“నేను కళ్లు మూస్తేగానీ... వాళ్లు కదలరు. కింద బండి హారను. పాపం, సంచీతో నిలబడతారు. అందుకే మూస్తా.”

నిద్రపోయిందనుకుని ఈ మంచం పక్కనే నిలబడి, “పద, పద, లేస్తుంది” అని తను ఎంతమందిని గుసగుసగా తరిమిందో కోడలికి గుర్తొచ్చింది.

“అమ్మా.” ఆయన లేచి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. “ఆ రోజు చెల్లి నీకు చెప్పి వెళ్తానంది. అమ్మ పడుకుంది, లేపకు, బస్సు తప్పిపోతుంది అన్నాను. నేనే అన్నాను. లేపి ఉంటే ఆ బస్సు తప్పిపోయేది.”

ఇరవై రెండేళ్లలో ఆయన ఆ మాట భార్యతో కూడా అనలేదు. ఆవిడ బాగున్న ఎడమచెయ్యి చాపి కొడుకు తల మీద పెట్టింది.

“నేను పడుకోలేదురా.”

ఆయన తలెత్తాడు.

“ముందురోజు... దానికీ నాకూ మాట పట్టింపు. ఏమంత పెద్దది? ఒక చీర గురించి. గుమ్మంలో నిలబడింది. తెలుస్తూనే ఉంది. సాయంత్రం చూద్దాంలే అని... కళ్లు తెరవలేదు.”

ఆయన తల్లి ఒళ్లో మొహం దాచుకున్నాడు. ఆవిడ వేళ్లు ఆయన నెరిసిన జుట్టులో తిరుగుతుంటే, కోడలు గలీబు అంచుతో కళ్లొత్తుకుంది.

కింద హారను మోగింది.

ఆయన దిగ్గున లేచి మొహం తుడుచుకున్నాడు. “నువ్వు ఉండిపోమ్మా. జరిమానా ఎంతయినా నేను కడతాను.”

“అది మీ జరిమానా సార్,” అంది ఆ నీలం కోటు మనిషి మెల్లగా. “నా సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. మీరిచ్చేదాంట్లో సగం కూడా నా చేతికి రాదు. ఆ వచ్చేదాంతోనే మా పిల్ల చదువు. వాళ్లతో పేచీ పెట్టుకుంటే ఇంకో గుమ్మం చూపించరు.”

హారను మళ్లీ మోగింది. ఆమె అలవాటు చొప్పున పెద్దావిడ మొహం వంక చూసింది, ఎప్పుడు కళ్లు మూస్తుందా అని. ఆవిడ మూయలేదు.

“నీ పేరు?” అని అడిగింది.

నెలన్నర ఆమెకి అన్నం పెట్టి, పక్క వేసి, తను అడగని మాట అది. కోడలు తల దించుకుంది. నీలం కోటు మనిషి ఒక్కసారి గుమ్మం వైపు చూసి, వంగి, పెద్దావిడ చెవిలో చెప్పింది. ఆవిడ వంకర పెదవులు ఆ పేరుని చప్పుడు లేకుండా రెండుసార్లు పలికి చూశాయి. తర్వాత ఎడమచేత్తో దుప్పటి మీది పదో పిన్ను తీసి ఆమెకి అందించబోయింది. ఆమె దాన్ని ఆ గుప్పిట్లోనే ఉంచి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. “కొత్తగా వచ్చే అమ్మాయి పేరేంటి?”

“అదేంటి సార్, చిన్నీయే కదా,” అంది ఫోన్.

“కాదు. వాళ్లమ్మానాన్నా పెట్టిన పేరు అడుగుతున్నాను. అది తెలిశాకే పైకి పంపండి.”

కోడలు తన తలలోంచి ఒక పిన్ను తీసి ఆమె వదులైన కొప్పుకి గట్టిగా గుచ్చింది. ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. కుర్చీలోంచి రెండు కళ్లు, రెప్ప వెయ్యకుండా, నిండుగా ఆమెనే చూస్తున్నాయి. ఆమె ఆ చూపు ఎదుట కాసేపు నిలబడి, మెట్లు దిగి వెళ్లిపోయింది.