డ్రోన్ మీది ఎర్ర గీత

"అది నెత్తురేనండీ! మా వాడి డ్రోన్ ఎవరికో తగిలింది. జైల్లో వేసేస్తారు!"

కెనడాలోని విన్నిపెగ్‌లో డిటెక్టివ్ విశాలాక్షి ఆఫీసుకు వచ్చిన సంతోషకుమారి, కోటైనా విప్పకుండా ఫోన్‌లో ఫొటో చూపించింది. టొరంటో దగ్గర స్కార్‌బరోలో చెల్లెలి ఇంట్లో ఉన్న ఆమె కబురు తెలియగానే విమానమెక్కింది.

2023 దసరా నాటి మధ్యాహ్నం ఒక డ్రోన్ యూనివర్సిటీ లైబ్రరీ అద్దం పగలగొట్టింది. అనుమతి లేకుండా క్యాంపస్‌లో డ్రోన్ ఎగరేయకూడదు. దాని మీది రిజిస్ట్రేషన్ నంబరు ఆమె కొడుకు ఆరన్‌ది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోయానంటాడు; సాక్షి లేడు. రేపటి విచారణలో సస్పెండ్ చేస్తే, ఈ దేశంలో ఉండి చదువుకోనిచ్చే స్టడీ పర్మిట్ కూడా పోతుంది.

విశాలాక్షి ఫొటో పెద్దది చేసింది. డ్రోన్ ముందువైపు ఎర్రటి చుక్క. దాని నుంచి వెనక్కి సాగిన గీత.

"ఎవరికీ దెబ్బ తగల్లేదని రిపోర్టులోనే ఉందండీ. మీ ఇంట్లో వస్తువులకి బొట్టు పెడతారా?"

"మేం ప్రార్థన చేసుకుంటామండీ. బొట్టెందుకు పెడతాం?"

అసిస్టెంట్ రూప కళ్లు మెరిశాయి.

ఆ సాయంత్రం ముగ్గురూ ఆరన్ ఫ్లాట్‌కు వెళ్లారు. రైస్ కుక్కర్‌కు కుంకుమబొట్టు. రూమ్మేట్ శ్రీరామ్ లాప్‌టాప్‌కూ బొట్టు. మరో రూమ్మేట్ భరద్వాజ్ లాప్‌టాప్‌కు లేదు.

"నాకిలాంటివి పడవాంటీ," అన్నాడతను.

మర్నాడు పొద్దున్నే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, క్యాంపస్ సెక్యూరిటీ అధికారిని కూడా పిలిపించింది విశాలాక్షి.

"ఇది తడి కుంకుమ. గాలికి వెనక్కి జారి ఎండింది. అంటే బొట్టు ఆరకముందే డ్రోన్ ఎగిరింది. పూజ చేసినవాడే ఎగరేశాడు. ఆ రోజు ఈ ఇంట్లో పూజ చేసిందెవరు, శ్రీరామ్?"

శ్రీరామ్ తల వంచుకున్నాడు. "ఆయుధపూజ చేశాక బండిని ఒక్క రౌండైనా తిప్పాలి కదండీ... వాడు పడుకున్నాడని లేపలేదు. తర్వాత నా పర్మిట్ పోతుందని నోరు పెగల్లేదు. సారీ రా ఆరన్."

"కుక్కర్ని తిప్పలేదు, సంతోషం," అన్నాడు భరద్వాజ్.

ఆరన్ మీద కేసు లేదన్నాడు అధికారి. తానే ఒప్పుకున్నాడు గనుక శ్రీరామ్‌కు హెచ్చరికతో సరిపెట్టమని రాస్తానన్నాడు.

సంతోషకుమారి విశాలాక్షి రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "మీ రుణం ప్రభువే తీర్చాలి తల్లీ," అంది.

ఆ వెంటనే శ్రీరామ్ పక్కకు వెళ్లి కూర్చుంది.

"మీ అమ్మ నంబరియ్యి నాయనా. ముందు నేను మాట్లాడతా. నువ్వు చెబితే హడలిపోతుంది పిచ్చితల్లి."