కారు లేచేదాకా

వెనకాల తుపాకీ పేలింది!

మిరెయ్ తల మీద చెస్ట్‌నట్ ఆకులు జలజలా రాలాయి.

"ఆగకమ్మాయ్!" అన్సెల్మ్ రొప్పుతున్నాడు. అరవై ఏడేళ్ల మోకాళ్లు. రాళ్ల దారి. ముసురుకొస్తున్న నవంబరు చీకటి.

కోడలు మిరెయ్ చంకలో గోనెగుడ్డ మూట. అందులో పగిలిన హెడ్‌లైటు. దాని అంచున ఎండిన రక్తం, నీలం ఉన్ని పోగులు. రోక్ కొట్టంలో, గడ్డి కింద ఇప్పుడే దొరికింది.

ఆ పోగులు ఊరి టీచరమ్మ శాలువావి. ఆమెను గుద్ది చంపింది పాత బూడిదరంగు డీజిల్ కారని సాక్షి చెప్పాడు. ఈ లోయలో అలాంటివి రెండే. ఒకటి అన్సెల్మ్‌ది. రెండోది రోక్‌ది. తండ్రి కారుకు ఆ వారమే హెడ్‌లైటు మార్చిన పాపానికి మిరెయ్ మొగుడు ఫాబియన్ జైల్లో ఉన్నాడు. అన్సెల్మ్‌కు ముప్పై ఏళ్లుగా స్నేహితుడైన రోక్ కోర్టుకు కూడా వచ్చి, అయ్యో పాపం అంటూ పక్కనే కూర్చున్నాడు. దొంగ వెధవ!

మలుపు తిరిగారు. పొదల్లో కారు. పొద్దున దాచింది దాచినట్టే ఉంది... కానీ పొట్ట నేలకు ఆనించి పడుకుంది.

ఈ కార్లకు స్ప్రింగులుండవు. నూనె ప్రెషర్ మీదే నిలబడతాయి. ఇంజన్ ఆపి గంటలు గడిస్తే కిందికి దిగిపోతాయి.

ఎక్కారు. తాళం తిప్పాడు. ఇంజన్ వేడెక్కే లైటు ఆరాలి... ఆరింది. స్టార్ట్!

ఆవు లేచినట్టు, మొదట వెనక భాగం లేస్తోంది. మెల్లగా...

"పోనివ్వండి మామయ్యా."

"లేవనీ."

"వచ్చేస్తున్నాడు!"

"కింద రాళ్లమ్మా. పైపులు తెగుతాయి. ఇంకో పది సెకన్లు."

"మీ అబ్బాయి కంటే పైపులెక్కువా మీకు?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది. నిజమే, తగలడిపోనీ కారు. చెయ్యి గేరు దాకా వెళ్లింది... ఆగింది. ముప్పై ఏళ్ల అలవాటు. ముందు భాగం ఇంకా లేవలేదు.

టక్. టక్.

మిరెయ్ వైపు అద్దం మీద తుపాకీ గొట్టం.

రోక్. ఆయాసం లేదు. నింపాదిగా నడిచొచ్చాడు.

"పరిగెత్తే పనేముందిరా నాకు? అది లేచేదాకా నువ్వు కదలవుగా. నేనైనా అంతే."

"పిల్లను వదిలెయ్ రోక్. మూట నీకిచ్చేస్తాం."

"ఇవ్వను." మిరెయ్ మూటను గుండెకు హత్తుకుంది. "నా మొగుడు జైల్లో ఉన్నాడు."

ముందు భాగం లేచింది. అన్సెల్మ్ గేరు వేశాడు. క్లచ్ వదిలాడు.

ఢాం!

కారు దూకింది. వెనక రోక్ తుపాకీలో రెండు గొట్టాలూ ఖాళీ. మిరెయ్ తల మామగారి భుజం మీద వాలింది. మళ్లీ లేవలేదు. మూట ఒళ్లోనే ఉంది.

దారి పొడుగునా ఒక్క రాయి కూడా కారుకు తగల్లేదు.

ఈ మూట చూపిస్తే ఫాబియన్ బయటికొస్తాడు. మిరెయ్ ఏది నాన్నా అని అడుగుతాడు.